తమ్ముడి ఎరువు

మా వీధి చివర, బస్సు డిపో ప్రహరీని ఆనుకుని ఉన్న పొడవాటి స్థలంలో ఒక నర్సరీ ఉండేది. దానికి బోర్డు లేదు. గేటుకు ఒక పక్క రేకు డబ్బాల్లో బంతి మొక్కలు, ఇంకో పక్క విరిగిన సింకులో పుదీనా. అదే బోర్డు. నడిపే ఆమెను అందరూ మొక్కలక్క అనేవాళ్ళు. ఆమెకన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా అక్క అనే పిలిచేవాళ్ళు. అసలు పేరు ఆమె భర్తకైనా గుర్తుందో లేదోనని మేం నవ్వుకునేవాళ్ళం. ఆయన డిపోలో మెకానిక్. గోడకు అవతల ఆయన ఇంజన్ల కింద పడుకుని ఉంటే, ఇవతల ఈమె మొక్కల ముందు గొంతుక్కూర్చుని ఉండేది. "ఇద్దరికీ రోజంతా చేతులు మురికే. అందుకే మా ఇంట్లో తువ్వాలు కోసం తప్ప ఇంకో గొడవ రాదు" అనేవారాయన.

మొక్కలక్కకు మొక్కలకన్నా మట్టి మీద మమకారం. మొక్క కొనడానికి వెళితే పువ్వు చూపించదు, కుండీ వంచి మట్టి చూపిస్తుంది. పిడికిట్లో పిండితే ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. అందులో ఒక వానపాము మెలికలు తిరుగుతూ కనిపించిందంటే ఆమె మొహం విప్పారేది. "ఇదిగో, నా పనివాడు. జీతం అడగడు, సెలవు పెట్టడు" అనేది. ఎండుటాకుల కుప్పలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, మన చెయ్యి కూడా పట్టి లోపలికి లాగేది. లోపల వెచ్చగా ఉండేది. ఆకుల అడుగున తెల్లటి బూజు దారాలు, గెంతే చిన్న పురుగులు, ముట్టుకుంటే చుట్టుకుపోయే రోకలిబండలు. నేను చెయ్యి వెనక్కి లాక్కుంటే నవ్వేది.

"భయపడకమ్మా. ఇది కుళ్ళు కాదు, వంట. నా మొక్కలకి వీళ్ళంతా కలిసి వండి పెడుతున్నారు. మట్టికి ఏది ఇచ్చినా తిని అరిగించుకుంటుంది."

ఆ మట్టి అంతా ఆమె తమ్ముడి దగ్గర్నుంచే వచ్చేది. వాళ్ళ తల్లి పోయేనాటికి మొక్కలక్క బడికి వెళ్ళే పిల్ల, తమ్ముడు ఇంకా పాలు మరవని పసివాడు. వాణ్ణి చంకనేసుకుని పెంచింది. తనకు పిల్లలు పుట్టకపోతే, "ఒకణ్ణి పెంచేశానుగా, ఇంకా ఎందుకు" అనేది. తమ్ముడు పెద్దయ్యాక ఏ పనిలోనూ కుదురుకోలేదు. ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టాడు, మూసేశాడు. వ్యాను నడిపాడు, మానేశాడు. చివరికి అక్కే దారి చూపించింది. ఊరి బయట ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, కూరగాయల మార్కెట్ చెత్త, చెట్ల ఆకులు, పశువుల పాకల పేడ తెచ్చి కంపోస్టు చేయడం నేర్పింది. ఎప్పుడు తిరగెయ్యాలో, ఎంత తడి ఉండాలో, వాసన చూసి ఎలా తెలుసుకోవాలో అంతా పక్కన నిలబడి చెప్పింది. వాడి చేతికి ఆ పని అచ్చొచ్చింది. పెళ్ళయింది, కూతురు పుట్టింది, చిన్న లారీ కొన్నాడు. మొక్కలక్క తన నర్సరీలో అదే ఎరువు వాడేది, వచ్చినవాళ్ళ చేత కొనిపించేది. "మా తమ్ముడి ఎరువు. కళ్ళు మూసుకుని వెయ్యండి" అని సంచీ మీద చరిచి మరీ ఇచ్చేది. మేం అలాగే వేసేవాళ్ళం.

వర్షాలు వెనకబడ్డ ఆ ఏడాదే మొదట తేడా కనిపించింది. టమాటా నారు ఎదగలేదు. కొత్తగా వచ్చే ఆకులు పసుపు రంగులో వచ్చేవి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలేవి. మొక్కలక్క ఒక మొక్కను పీకి చూసింది. వేళ్ళు పొట్టిగా, గోధుమ రంగులో, చివర్లు నిప్పు తగిలిన దారంలా ముడుచుకుపోయి ఉన్నాయి. నీళ్ళు ఎక్కువయ్యాయేమో అనుకుని తగ్గించింది. బాగుపడలేదు. తక్కువయ్యాయేమో అనుకుని పెంచింది. బాగుపడలేదు. డిపో గోడ వెంట వేసిన బీన్స్ పాదు రెండాకులు వేసి అక్కడే ఆగిపోయింది.

తర్వాత వానపాముల సంగతి. పొద్దున్నే గేటు తీసేసరికి సిమెంటు బాట మీద ఎండిపోయిన వానపాములు, నల్లటి దారపు ముక్కల్లా పడి ఉండేవి. మళ్ళలోంచి బయటికి పాకి వచ్చి, తిరిగి వెళ్ళలేక ఎండకు చచ్చిపోయినవి. మడి తవ్వితే లోపల ఒక్కటీ లేదు. ఆమె భర్త టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని వచ్చి చూసి, "నీ పనివాళ్ళు సమ్మె చేశారా ఏంటి?" అన్నారు. మొక్కలక్క నవ్వలేదు. కిందటి సీజన్‌లో మళ్ళ మీద పరిచిన ఎండుటాకులు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి, నిన్ననే రాలినట్టు. కింద బూజు లేదు, వెచ్చదనం లేదు, గెంతే పురుగు లేదు. ఆమె ఆ ఆకుల్ని చేత్తో నలిపి చూస్తూ చాలాసేపు కూర్చుందట. ఆ మాట ఆయనే నాకు తర్వాత చెప్పారు.

అప్పటికే ఆమె వేళ్ళ సందుల్లో పగుళ్ళు వచ్చాయి. మొదట దురద, తర్వాత గుండ్రటి పుళ్ళు. మట్టిలో చెయ్యి పెట్టి పని చేసేవాళ్ళకు ఇలాంటివి మామూలేనని తేలిగ్గా తీసుకుంది. తమ్ముడు చూసి మందుల షాపు నుంచి ఆయింట్‌మెంట్ తెచ్చిచ్చాడు. "చేతులకి గ్లౌజులు వేసుకోవే అక్కా, చెబితే వినవు" అని కోప్పడ్డాడు కూడా. ఆమె ఆ ట్యూబు నాకు చూపించి, "వీడికి నా మీద ఎంత బెంగో చూడు" అంది.

కొన్నవాళ్ళు ఒక్కొక్కరే తిరిగి రావడం మొదలుపెట్టారు. మిరప చచ్చిపోయిందని ఒకరు, గులాబీ మొగ్గ తొడగలేదని ఇంకొకరు. ఆమె నోరెత్తకుండా కొత్త మొక్కలిచ్చి పంపేది. అవీ పోయేవి. చివరికి ఆమె తప్పు విత్తనం మీదికి తోసింది. నీళ్ళు తనవి, మట్టి తమ్ముడిది, బయటినుంచి వచ్చేది విత్తనమే. కనుక విత్తనమే పుచ్చు.

మార్కెట్ రోడ్డులో విత్తనాల కొట్టు పెద్దాయన ఉండేవాడు. మొక్కలక్క నర్సరీ పెట్టిన నాటి నుంచి ఆయన దగ్గరే గింజలు. ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. అలాంటి మనిషి కొట్టు ముందు, పది మంది ఖాతాదార్లు చూస్తుండగా నిలబడి ఆమె గొంతు పెంచింది. పక్కనే తమ్ముడు ఉన్నాడు. లారీలో దిగబెడతానని వెంట వచ్చాడు.

"పాత సరుకు అంటగట్టావు బాబాయ్. నా దగ్గర కొన్నవాళ్ళకి నేను మొహం చూపించలేకపోతున్నాను."

"అమ్మా, నేనిచ్చిన గింజ ఊళ్ళో అందరి దగ్గరా మొలుస్తోంది. నీ దగ్గరే ఎందుకు చస్తుంది?" అన్నాడు పెద్దాయన.

తమ్ముడు ఒక అడుగు ముందుకేశాడు. "అంటే మా అక్కకి మొక్కలు పెంచడం రాదంటావా? నమ్మకంగా వచ్చేవాళ్ళని మోసం చేసి మళ్ళీ మాటలా?"

పెద్దాయన మొహం ఎర్రబడింది. ఆయన తమ్ముడి వైపు చూడలేదు. లోపలికి వెళ్ళి గుప్పెడు బీన్స్ గింజలు, కొట్టు వెనక పెరట్లోంచి ఒక సంచీ మట్టి తెచ్చి మొక్కలక్క ముందు పెట్టాడు. "నీ మట్టిలో కొన్ని వెయ్యి, నా మట్టిలో కొన్ని వెయ్యి. రెండింటికీ ఒకే నీళ్ళు పొయ్యి. నా గింజ చచ్చుదైతే రెండు చోట్లా చావాలి కదా. అప్పుడు రా, ఇదే చోట నా చెంప మీద కొట్టు."

దారిలో తమ్ముడు ఆ సంచీ రోడ్డు పక్కన పడేద్దామన్నాడు. "ముసలాడి మాటలు పట్టుకుని టైం వేస్ట్ ఎందుకక్కా? వేరే కొట్లో కొందాం." మొక్కలక్క ఒప్పుకోలేదు. ఆయన తప్పు ఆయన మట్టితోనే రుజువు చేస్తానని పంతం పట్టింది.

మూడు రకాల కుండీలు పెట్టింది. ఒకదాంట్లో తన మళ్ళలోని మట్టి. ఒకదాంట్లో పెద్దాయన పెరటి మట్టి. మూడోదాంట్లో ఎన్నో ఏళ్ళుగా ముట్టుకోని ఒక పాత గులాబీ కుండీ మట్టి. అన్నిటికీ ఒకే కుళాయి నీళ్ళు, ఒకే ఎండ. పెద్దాయన మట్టిలో బీన్స్ తీగలు కర్రలు పట్టుకుని పైకి పాకాయి. పాత కుండీలోనూ బాగానే ఎదిగాయి. తన మట్టిలో మొలకలు రెండు పచ్చటి ఆకులు వేసి పాలిపోయాయి. అప్పుడు ఆమె మూడింటినీ పేపరు మీద బోర్లించి వేళ్ళు కడిగింది. బాగున్న మొక్కల వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలు ఉన్నాయి. గోటితో గిల్లితే లోపల గులాబీ రంగు. బీన్స్ వేళ్ళలో కాపురం పెట్టి మొక్కకు బలం ఇచ్చే కంటికి కనపడని జీవాలు కట్టుకునే ఇళ్ళవి. తన మట్టిలో పెరిగిన వేళ్ళ మీద ఒక్క బుడిపె లేదు.

గింజ ఒకటే. నీళ్ళు ఒకటే. మిగిలింది మట్టి. అంటే ఎరువు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అప్పుడు కూడా ఆమెకు తమ్ముడి మీద అనుమానం రాలేదు, జాలి వేసింది. వాడి షెడ్డుకు వచ్చే చెత్తలో ఎవరో ఏదో కలిపేస్తున్నారు, పాపం వాడికి తెలియదు, వెంటనే చెప్పి జాగ్రత్త పెట్టాలి అనుకుంది. చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని, ఎండలో బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళింది.

తమ్ముడి వాటా మేడ మీద. మెట్ల పక్కన ఒక్కో మెట్టు మీద ఒక్కో కుండీ. వాటిని మరదలు పెంచుతుంది. మొక్కలక్క రెండో మెట్టు మీదే ఆగిపోయింది. కుండీల్లో పాలకూర, కొత్తిమీర, మిరప ఏపుగా ఉన్నాయి. ఆకుల్లో ఎక్కడా పసుపు లేదు. అలవాటు కొద్దీ వేలు పెట్టి చూసింది. ఎర్రమట్టి, మెత్తటి పేడ ఎరువు. అడుగున వానపాము. తమ్ముడి షెడ్డు నల్లటి ఎరువు ఒక్క చిటికెడు లేదు.

పైన వరండాలో మేనకోడలు తొట్టిలో మట్టి కలిపి బొమ్మలు చేస్తోంది. "అత్తా, చూడు, ఏనుగు!" అంది. దానికి తొండం తప్ప అన్నీ ఉన్నాయి. మరదలు నవ్వుతూ మంచినీళ్ళు తెచ్చింది.

"మొక్కలు బాగా వచ్చాయే. ఏం ఎరువు వేశావు?" అని అడిగింది మొక్కలక్క.

"పాల కేంద్రం దగ్గర పేడ తెప్పిస్తాను వదినా. షెడ్డుది ఇంట్లోకి తేవద్దని ఆయన గట్టిగా చెప్పారు. పిల్ల మట్టిలో ఆడుతుంది కదా, పడదంట."

మరదలికి ఏమీ తెలియదు. తెలిస్తే అంత మామూలుగా చెప్పదు. మొక్కలక్క గ్లాసు పుచ్చుకుంది కానీ తాగలేదు. తన వేళ్ళ వైపు చూసుకుంది. పగుళ్ళ మీద తమ్ముడిచ్చిన ఆయింట్‌మెంట్ ఇంకా జిడ్డుగా మెరుస్తోంది.

తమ్ముడు భోజనానికి వచ్చేదాకా అక్కడే కూర్చుంది. వాడు అక్కను చూసి ముందు సంతోషపడ్డాడు, తర్వాత మొహం చూసి తగ్గాడు.

"ఎరువులో ఏం కలుపుతున్నావురా?"

"ఏం కలుపుతానక్కా, నువ్వు నేర్పిందే."

"నేను నేర్పింది నా మేనకోడలికి పడదా?"

వాడు భార్య వైపు చూశాడు. ఆమె పిల్లను తీసుకుని లోపలికి వెళ్ళింది.

"షెడ్డుకి పద" అంది మొక్కలక్క.

"ఇప్పుడెందుకు, ఎండ..."

"పదరా."

లారీలో ఇద్దరూ వెళ్ళారు. షెడ్డులో ఆకుల కుప్పలు, మార్కెట్ చెత్త ఎప్పటిలాగే ఉన్నాయి. వెనక గోడ దగ్గర నీలం టార్పాలిన్ కప్పిన ఇంకో గుట్ట ఉంది. ఆమె టార్పాలిన్ లాగేసింది. బూడిద రంగు మీద ఆకుపచ్చ కలిసిన మడ్డి, ఇటుకల్లా గడ్డ కట్టి ఉంది. చెత్త షెడ్డులో ప్రతి చోటా ఈగలు ముసురుతున్నాయి. ఆ గుట్ట మీద ఒక్క ఈగ వాలలేదు.

కుళాయిలకూ తలుపు గడియలకూ మెరుగు పూత వేసే కర్మాగారం ఒకటి ఆ దారిలోనే ఉంది. పూత వేసిన తొట్లు కడిగాక అడుగున మిగిలే మడ్డి అదని తమ్ముడు ఒప్పుకున్నాడు. దాన్ని సరిగ్గా పారబోయాలంటే దూరం పంపాలి, ఖర్చు. అందుకని తమ్ముడికి ఇచ్చి, పట్టుకుపోయినందుకు వాళ్ళే ఎదురు డబ్బులిస్తున్నారు. వాడు ఎరువులో కలిపేస్తున్నాడు. ఎరువు బరువూ పెరుగుతోంది. రెండు సీజన్ల నుంచీ జరుగుతోంది ఇది.

"కొంచెమే కలుపుతానక్కా. మొదట ఏమీ కాలేదు కూడా. మట్టికి ఏదిచ్చినా అరిగించుకుంటుందని నువ్వే కదా అనేదానివి."

ఆమె జీవితంలో తమ్ముణ్ణి ఎప్పుడూ కొట్టలేదు. ఆ రోజూ కొట్టలేదు. "విత్తనాల బాబాయ్‌ని నేను తిడుతుంటే నువ్వు పక్కనే ఉన్నావు" అంది.

వాడు టార్పాలిన్ మళ్ళీ కప్పబోయాడు.

"ఊరికే ఉన్నావా, లేదు. నాకన్నా ఎక్కువ తిట్టావు."

"నువ్వు బాధపడుతుంటే చూడలేక..."

"నా చేతులకి మందు తెచ్చావు. ఎందుకు పుళ్ళు పడ్డాయో నీకు తెలుసు. తెలిసే తెచ్చావు."

"మానేద్దామనే అనుకుంటున్నానక్కా. లారీ అప్పు ఒక్కటి తీరిపోతే..."

ఆమె మిగతాది వినలేదు. రోడ్డు దాకా నడిచి, బస్సు కోసం ఎండలో నిలబడింది. వాడు లారీ తెచ్చి పక్కన ఆపి, ఎక్కమని బతిమాలాడు. ఆమె వేరే వైపు తిరిగి నిలబడింది. బస్సు వచ్చాక ఎక్కి, కూర్చున్నాక ఏడ్చింది. కండక్టరు టికెట్ అడగకుండా ముందుకు వెళ్ళిపోయాడట.

ఆ సాయంత్రం తమ్ముడు నర్సరీలోనే ఉన్న అక్క ఇంటికి వచ్చాడు. గడప లోపలికి రాలేదు. ఆ మడ్డి ఇక తాకనని ఒట్టు పెట్టుకున్నాడు. మెల్లగా మళ్ళలో మట్టి మార్చేద్దాం, ఖర్చు తనదే, కానీ ఎవరికీ చెప్పొద్దు అన్నాడు. చెబితే కర్మాగారం వాళ్ళు తనను వదిలిపెట్టరు, షెడ్డు పోతుంది, కూతురి చదువు ఏమవుతుంది అన్నాడు. మొక్కలక్క గోడకు ఆనుకుని నిలబడింది. పిల్ల మాట ఎత్తేసరికి ఆమె మెత్తబడిందని ఆమె భర్తకు కనిపించింది. ఆయన సాధారణంగా అక్కాతమ్ముళ్ళ మధ్య నోరు పెట్టరు. ఆ రోజు ఒక్కటే అడిగారు.

"మనం అమ్మిన పాలకూర ఇప్పుడు ఎవరెవరు తింటున్నారు?"

మొక్కలక్క లోపలికి వెళ్ళి సంచీ తీసుకుని, మర్నాడు మట్టి పరీక్షల కేంద్రానికి తీసుకెళ్ళడానికి మళ్ళలోంచి మట్టి నింపుకోవడం మొదలుపెట్టింది. తమ్ముడు కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

మట్టి పరీక్షల కేంద్రంలో ఉన్న ఆఫీసరమ్మ మంచి మనిషి. ఫలితాలు వచ్చాక కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఓపిగ్గా చెప్పింది. మట్టిలో రాగి, నికెల్, క్రోమియం ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ ఉన్నాయి. ఆకు, పేడ, కూరగాయల తొక్క అయితే మట్టిలోని జీవాలు తిని మట్టి చేసేస్తాయి. లోహాన్ని ఏ జీవీ తినలేదు. అది కుళ్ళదు, ఆవిరి కాదు. వేసినవాళ్ళు పోయినా అక్కడే ఉంటుంది. వానపాముకు ఊపిరితిత్తులు లేవు, తడి చర్మంతోనే గాలి పీలుస్తుంది. అందుకని మట్టిలో ఏముందో దానికి ముందు తగులుతుంది. పారిపోగలిగినవి పారిపోతాయి, లేనివి చస్తాయి. వాటి వెనకే ఆకును కుళ్ళబెట్టే బూజులు, చిన్న పురుగులు తగ్గిపోతాయి. అవి లేకపోతే ఆకు ఆకులాగే ఉంటుంది, మొక్కకు తిండి అందదు. వేరు చివర మాడితే ఉన్న తిండి కూడా పీల్చుకోలేదు.

"చచ్చిపోయిన మొక్కల గురించి నాకు భయం లేదండి" అంది ఆఫీసరమ్మ. "బతికిన వాటి గురించే. కొన్ని ఆకుకూరలు పచ్చగా, చూడ్డానికి బాగానే పెరుగుతాయి. లోపల లోహం దాచుకుంటాయి. అవి తినొద్దని అందరికీ చెప్పాలి."

"సున్నం వేస్తే?"

"కొంత కట్టడి అవుతుంది. పోదు. పైమట్టి తీసేయడమే. ఆ మట్టిని కూడా ఎక్కడ పడితే అక్కడ పోయకూడదు."

అలా మొక్కలక్క ఇల్లిల్లూ తిరిగింది. మా ఇంటికి ఒక ఆదివారం వచ్చింది, వెనక భర్త తోపుడు బండి తోసుకుంటూ. నేను తలుపు తీసేసరికి, ఎప్పుడూ నవ్వుతూ లోపలికి వచ్చేసే మనిషి గుమ్మం దగ్గరే నిలబడింది.

"నీకు నేనిచ్చిన మట్టిలో విషం ఉంది. నా తమ్ముడు కలిపాడు. నేను చూసుకోకుండా అమ్మాను. కుండీలన్నీ ఇచ్చెయ్యి, పాలకూర తినకు" అంది. గుక్క తిప్పుకోకుండా, కంఠస్థం చేసినట్టు. అప్పటికే ఎన్ని ఇళ్ళలో చెప్పిందో.

నేను కూర్చోమన్నాను. కూర్చోలేదు. మేడ మీది నుంచి కుండీలు ముగ్గురం దించాం. అప్పుడే, మెట్ల మీద ఒక్కో కుండీ దించుతూ, ఈ కథలో చాలా భాగం చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆమె ఒక్క చోటే ఆగేది. మడ్డి దగ్గర కాదు, డబ్బు దగ్గర కాదు. విత్తనాల కొట్టు ముందు తమ్ముడు వేసిన ఆ ఒక్క అడుగు దగ్గర. "నా తరఫున మాట్లాడుతున్నాడని ఆ రోజు ఎంత గర్వపడ్డానో తెలుసా?" అంది.

అన్ని ఇళ్ళలో మాలాగా జరగలేదు. పసిపిల్లలున్న ఒక తల్లి గేటు దగ్గరే నిలబెట్టి నానా మాటలూ అంది. ఆమె తిట్టినంతసేపూ మొక్కలక్క వింది. కొందరు నమ్మలేదు, "బాగానే కాస్తున్నాయి, ఎందుకు తీసేయడం" అని వంకాయ మొక్క ఇవ్వలేదు. ఒకాయన సగం కోసిన పాలకూర కట్ట చేతిలో పట్టుకుని వచ్చి, తినాలా వద్దా అన్నట్టు ఆమె మొహంలోకి చూశాడు. ఆమె ఆ కట్ట లాక్కుని బండిలో వేసింది.

విత్తనాల కొట్టుకు మాత్రం భర్తను రావద్దంది. తిట్టినప్పుడు ఎంతమంది ఉన్నారో, కనీసం అంతమంది పోగయ్యేదాకా కొట్టు ఎదురుగా నిలబడి, అప్పుడు లోపలికి వెళ్ళింది.

"బాబాయ్, తప్పు నాది. నీ గింజ మంచిది. నా మట్టి చచ్చిపోయింది."

పెద్దాయన తూకం వేస్తున్న చెయ్యి ఆపలేదు. "ఎవరు చేశారు?" అని అడిగాడు. ఆమె చెప్పింది. "ఆ రోజు నీకన్నా ఎక్కువ వాడు అరిచినప్పుడే అనుకున్నాను" అన్నాడు పెద్దాయన. క్షమించానని అనలేదు. కానీ మర్నాడు ఆయన పనిమనిషి ఒక సంచీ పెరటి మట్టి తెచ్చి నర్సరీ గేటు దగ్గర దించి పోయింది.

మొక్కలక్క ఆఫీసరమ్మ సహాయంతో ఫిర్యాదు పెట్టింది. అధికారులు వచ్చారు, షెడ్డుకు తాళం వేశారు. కర్మాగారం యజమాని, తన మడ్డి సరైన చోటుకే చేరుస్తానని నమ్మించి తమ్ముడే పట్టుకుపోయాడని, తనకేమీ తెలియదని చేతులు దులుపుకున్నాడు. రోజూ పక్కన కూర్చోబెట్టుకుని టీ ఇప్పించినవాడు తమ్ముడి మొహం కూడా గుర్తుపట్టలేదు. విచారణ ఇంకా సాగుతూనే ఉంది. తమ్ముడు లారీ అమ్మేశాడు, ఇప్పుడు సామాన్లు చేరవేసే ఒక కంపెనీ వ్యాను నడుపుతున్నాడు. అక్కే తనను పట్టించిందని కొన్నాళ్ళు బంధువుల దగ్గర చెప్పుకుని తిరిగాడు. ఆ మాట చెవిన పడిన రోజు మొక్కలక్క అన్నం ముందు నుంచి లేచిపోయింది. "వాడు చేసింది ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు" అన్నారు ఆమె భర్త నాతో.

నర్సరీ పైమట్టి అంతా సంచుల్లో నింపి తీసుకెళ్ళిపోయారు. డిపో గోడ వెంట స్థలం ఇప్పుడు బోడిగా, గుంటలు గుంటలుగా ఉంది. ఆమె బల్లలు వేయించి, బయటి మట్టి తెప్పించి, ట్రేలలో నారు పెంచుతోంది. కొనేవాళ్ళు పూర్తిగా తిరిగి రాలేదు. వచ్చినవాళ్ళకు ముందే చెబుతుంది, ఈ మట్టి ఎక్కడిది, ఎవరు పరీక్ష చేశారు అని. కళ్ళు మూసుకుని వెయ్యమని ఇప్పుడు ఎవరికీ చెప్పదు. నేల మీద ఆకులు రాలితే ఊడ్చి ఎత్తేస్తుంది. వానపాములు తెచ్చి వదులుదామా అని అడిగితే, "దేనికి, చావడానికా? దానంతటది వస్తే రానీ" అంది.

మొన్న మేనకోడలు బడిలో పాట పాడుతోందని మరదలు వచ్చి పిలిచింది. మరదలితో ఆమెకు తగాదా లేదు. ఇద్దరూ వెళ్ళారు. పిల్ల పాడింది, మొక్కలక్క చప్పట్లు కొట్టింది, అందరితో పాటు కుర్చీలో కూర్చుని టీ తాగింది. తమ్ముడు అంతసేపూ దూరంగా స్తంభం పక్కన నిలబడ్డాడు. బయటికి వస్తుంటే గేటు దగ్గర కలిశాడు. చిక్కిపోయాడు.

"ఇంకా కోపమేనా అక్కా?"

"కోపం ఎప్పుడో పోయిందిరా."

"మరి ఇంటికి రావేం?"

"నువ్వు గ్లాసుడు మంచినీళ్ళిచ్చినా, తాగే ముందు లోపలికి చూస్తాను. అలా చూస్తూ నీ ఇంట్లో ఎలా కూర్చోనురా?" అంది.

భర్త అప్పటికే స్కూటరు స్టార్ట్ చేసి ఉన్నారు. ఆమె వెనక ఎక్కి కూర్చుని చీర కొంగు సర్దుకుంది.

"ఏమంటున్నాడు?" అని అడిగారాయన.

"ఏం లేదు. పోనివ్వండి" అంది.